షేవింగ్ నురగ నిలవాలంటే: ముందు నీళ్లు, తర్వాత గ్లిజరిన్, అవిసె జిగురు

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. ట్యూబు క్రీము వాడుతున్నావు, రుద్దగానే బాగానే పొంగుతుంది, కుడిచెంప అయి ఎడమచెంపకు వచ్చేసరికి ఎండిపోయి పొట్టులా రాలుతుంది, మెడ కింద మంట, ఎర్రటి పొక్కులు. ఏదో వీడియోలో కొబ్బరినూనె, నిమ్మరసం, వంటసోడా కలపమన్నారని, వాటిలో ఏది మంచిదని అడిగావు. నాది మహారాష్ట్రలో, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలో సెలూన్. ఈ పనిలో 27 ఏళ్లయింది, పొద్దున ఏడింటి నుంచి రాత్రి దాకా చేతిలో బ్రష్షు ఉంటుంది కాబట్టి సూటిగా చెప్తాను, ఆ మూడింటిలో ఒక్కటి కూడా నురగ గిన్నెలో వేయొద్దు. కలపదగ్గవి వేరే ఉన్నాయి, గ్లిజరిన్ ఒకటి, అవిసె గింజల జిగురు ఒకటి. వాటి కొలతలు కింద రాస్తాను. అయితే అంతకన్నా ముందు నీ బకెట్లో నీళ్ల సంగతి తేల్చుకోవాలి, నీళ్లు సరిగ్గా లేకపోతే ఏం కలిపినా బూడిదలో పోసిన పన్నీరే అవుతుంది.

ఈ నీళ్ల సంగతి నాకు బాగా తెలిసొచ్చింది 2022 ఏప్రిల్లో, ప్రాణహిత పుష్కరాలప్పుడు. ఆ పన్నెండు రోజులూ షాపుకు తాళం వేసి నది ఘాటు దగ్గరే కూర్చున్నాను, గుండ్లు, గడ్డాలు, మీసాలు, చేతికి తీరిక లేదు. షాపులో వాడే సబ్బే, ఆ బ్రష్షే, ఆ స్టీలు గిన్నే పట్టుకెళ్లాను, నీళ్లు మాత్రం నదిలో చెంబుతో ముంచుకున్నవి. మామూలుగా తిప్పినట్టే తిప్పాను. పది తిప్పులు కూడా కాలేదు, నురగ గిన్నె అంచుకు వచ్చేసింది. ఆ ఎండలో కూడా మనిషి తలంతా గీసేదాకా తడి ఆరలేదు. ఎండ వల్లనో, కొత్త సబ్బు బిళ్ల వల్లనో అనుకున్నాను ముందు. పుష్కరాలయ్యాక షాపుకొచ్చి బోరు నీళ్లతో అదే బిళ్ల తిప్పితే మళ్లీ పాత కథే, పైన పెద్ద పెద్ద బుడగలు, కింద తెల్లటి ముద్ద. మర్నాడు ఒక డబ్బా నది నీళ్లు తెచ్చుకుని, రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి, రెండింట్లో సమానంగా సబ్బు వేసి తిప్పి చూశాను. అప్పుడు అనుమానం తీరింది. అన్నేళ్లుగా సబ్బునూ బ్రష్షునూ మారుస్తూ వచ్చాను, మార్చాల్సింది నీళ్లను.

కారణం చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటాయి, సబ్బు వాటికి అంటుకుని కరగని తెట్టుగా మారిపోతుంది. బకెట్ అంచున, బాత్రూం గోడ మీద పేరుకునే తెల్లటి జిడ్డు అదే. నువ్వు వేసిన క్రీములోని సబ్బులో కొంత భాగం ఈ తెట్టుకే ఖర్చయిపోతుంది, మిగిలిన కాస్త సబ్బు పలచటి బుడగలు కడుతుంది, అవి ఎంతసేపని నిలుస్తాయి? తాగునీటికి మన దేశంలో పెట్టిన ప్రమాణం ప్రకారం ఈ కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లే అయినా సబ్బును చంపేసేవి కావచ్చు. మీ ఇంట్లో పప్పు ఉడకడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పడుతోందా, గీజరు కడ్డీకి తెల్లటి పెంకు కడుతోందా, అమ్మను అడుగు. అవునంటే నీ నురగ రోగం సగం అక్కడే ఉంది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు ఖాళీ వాటర్ బాటిళ్లు తీసుకో, ఒకదాంట్లో సగం బోరు నీళ్లు, ఇంకోదాంట్లో సగం క్యాను నీళ్లు పోయి. రెండింట్లోనూ గోరంత బట్టల సబ్బు ముక్క తరుగు వేసి, మూత పెట్టి, ఇరవై సార్లు గట్టిగా కుదుపు. బట్టల సబ్బంటే పాత రకం బిళ్ల, డిటర్జెంట్ బిళ్లతో తేడా కనపడదు. షాంపూలు, డిటర్జెంట్లు ఈ కాల్షియానికి అంతగా లొంగవు, అందుకే తల బాగానే నురగొస్తున్నప్పుడు గడ్డానికి ఎందుకు రావట్లేదని చాలామంది తికమక పడుతుంటారు. ఒక బాటిల్లో నీళ్లు పాలలా తెల్లబడి, పైన నురగ రెండు నిమిషాల్లో దిగిపోతే అవి కఠిన జలమే. గడ్డానికి కావాల్సింది ఒక్క గ్లాసు నీళ్లు, ఇరవై లీటర్ల ఆర్వో క్యాను తెచ్చుకునే ఇంట్లో అదేమంత ఖర్చు కాదు. క్యాను లేకపోతే నీళ్లు బాగా మరగబెట్టి, చల్లార్చి, అడుగున తెల్లటి మడ్డి కదలకుండా పైనుంచి వంచుకో, కొంత కఠినత దిగిపోతుంది, మొత్తం పోదు. వానాకాలంలో అయితే చూరు నీళ్లు, మొదటి వాన వదిలేసి రెండో వాన నుంచి పట్టుకున్నవి, వాటికి మించినవి లేవు. బ్రష్షు నానబెట్టడానికి, నురగ తిప్పడానికి ఈ మంచి నీళ్లు వాడు, ముఖం కడుక్కోవడానికి బోరు నీళ్లు చాలు.

ఇక నీళ్లెన్ని పోయాలి అన్నది. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో ఇంట్లో గీసుకునేవాళ్లు చేసే తప్పు దాదాపు అందరిదీ ఒకటే, నీళ్లు తక్కువ. క్రీము పళ్లపేస్టంత పొడుగు పిండుకుని, బ్రష్షు ఒకసారి తడిపి, ముఖం మీద పులుముకుని, తెల్లగా కనపడగానే బ్లేడు పెట్టేస్తారు. అది నురగ కాదు, క్రీము పూత. నేనెలా చేస్తానో వివరంగా చెప్తాను, ఒకసారి అద్దం ముందు ఇలాగే చేసి చూడు. బ్రష్షును గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు నానబెట్టి, మూడుసార్లు విదిలించు, పిండొద్దు. క్రీము బాదం గింజంత, అంతకుమించి వద్దు. గిన్నెలో తిప్పడం మొదలుపెడితే ముందు అది జిగటగా, బ్రష్షు వెంట్రుకలకు అతుక్కుని, గిన్నె అడుగున తీగలు సాగుతుంది. అప్పుడు వేళ్లు నీళ్లలో ముంచి నాలుగైదు చుక్కలు విదిలించి మళ్లీ ఇరవై తిప్పులు. మళ్లీ చుక్కలు, మళ్లీ తిప్పులు. ఇలా ఆ బాదం గింజంత క్రీము మెల్లమెల్లగా రెండు చిన్న చెంచాల నీళ్లు తాగేస్తుంది, ఒక్కసారే పోస్తే తాగదు, తేలిపోతుంది. తిప్పేటప్పుడు చప్పుడు కూడా మారుతుంది, మొదట్లో చపచపమని ఉండేది పోను పోను మెత్తబడి దాదాపు వినపడకుండా అవుతుంది. చూపులో కూడా తేడా తెలుస్తుంది. నీళ్లు చాలనప్పుడు నురగ సున్నం కొట్టిన గోడలా మెరుపు లేకుండా ఉంటుంది. సరిపోయినప్పుడు గడ్డ పెరుగు మీది మీగడలా నిగనిగలాడుతుంది, విడి విడి బుడగలు కంటికి కనపడవు, బ్రష్షు పైకెత్తితే కొస చిలక ముక్కులా వంగి ఆగుతుంది. ఇంకో పరీక్ష ఉంది, కొంచెం నురగ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గట్టిగా నొక్కి రుద్దు. జర్రున జారిపోవాలి, చర్మం చర్మానికి పట్టుకుంటే ఇంకా నీళ్లు కావాలి. నొక్కగానే బుడగలన్నీ పగిలి ఉత్త నీళ్లయిపోతే ఎక్కువ పోశావని, ఇంకాస్త క్రీము వేసి తిప్పు.

గిన్నెలో పని ఇలా జరుగుతుండగానే గడ్డం తడిసి ఉండాలి. పొడి వెంట్రుక గట్టిగా ఉంటుంది, రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లు తాగితే మెత్తబడి బ్లేడుకు తేలిగ్గా తెగుతుంది. స్నానం చేసి వచ్చి గీసుకుంటే ఈ పని దానంతట అదే అయిపోతుంది. మనవైపు మే నెలలో నలభై అయిదు డిగ్రీలు దాటిన రోజుల్లో ఇంకో సంగతి గమనించు, నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతుంటే ఏ నురగా నిలవదు. నా షాపులో కుర్చీ మీది ఫ్యాను గడ్డం చేసేటప్పుడు ఆపేస్తాను, కస్టమర్లు చిరాకు పడతారు కానీ అయిదు నిమిషాలే కదా అని సర్దిచెప్తాను. ఇంట్లో ఫ్యాను ఆపలేకపోతే సగం ముఖానికి పూసి, అది గీసి, తర్వాత మిగతా సగానికి పూయి.

నీళ్లు, తిప్పడం ఇవి రెండూ కుదిరాక కూడా నురగ తొందరగా ఆరుతోందంటే, అప్పుడు గ్లిజరిన్. మందుల షాపులో చిన్న సీసా దొరుకుతుంది, ఖర్చు పెద్దగా ఉండదు. గ్లిజరిన్ నీళ్లను పట్టి ఉంచుతుంది, కాబట్టి నురగలో తడి తొందరగా గాలికి పోదు, బ్లేడు కూడా జారుతుంది. నీ క్రీము ట్యూబు వెనక చూస్తే అందులో అది ఇప్పటికే ఉండే అవకాశం ఎక్కువ, మనం కలిపేది పైకి కాస్త. ఒక షేవింగుకు మూడు చుక్కల నుంచి అయిదు చుక్కలు, అంతే. క్రీముతో పాటు మొదట్లోనే గిన్నెలో వేసి తిప్పాలి, చివర్లో వేస్తే సరిగా కలవదు. మంచిదని చెంచాడు వేశావనుకో, నురగ బరువెక్కి పొంగడం మానేస్తుంది, ముఖం జిగటగా అయి, ఆ జిగట బ్లేడు సందులో ఇరుక్కుంటుంది. మొదటి వారం మూడు చుక్కలతో మొదలుపెట్టు, చాలదనిపిస్తేనే ఒక్కొక్కటి పెంచు.

నాకు బాగా నచ్చింది మాత్రం అవిసె గింజల జిగురే. మా విదర్భలో వీటికి కొదవ లేదు, సంతలో జవస్ అని అడిగితే ఇస్తారు, ఇక్కడ చట్నీ పొడి చేసుకోని ఇల్లు తక్కువ. ఈ గింజ పైపొరలో జిగురుంటుంది, నీళ్లలో ఉడికితే బయటికొస్తుంది. ఒక పెద్ద చెంచా గింజలు, గింజలే, పొడి కాదు, ఒక గ్లాసు మంచి నీళ్లలో వేసి సన్నటి మంట మీద పెట్టి కలుపుతూ ఉండు. అయిదారు నిమిషాలకు నీళ్లు చిక్కబడి తెల్లటి నురగ పైకొస్తుంది, గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. అప్పుడే, ఆ క్షణంలోనే దించేసి వేడి మీదే పలచటి నూలు గుడ్డలో వడకట్టాలి. చల్లారాక వడకడదాంలే అనుకుంటే ఇక గుడ్డలోంచి దిగదు, గింజలూ జిగురూ కలిసి ఒక ముద్దయిపోతాయి, రెండుసార్లు నా మొత్తం జిగురు అలాగే పారబోశాను. ఎక్కువసేపు ఉడికించినా అంతే. వడకట్టింది సీసాలో పోసి ఫ్రిజ్జులో పెడితే అయిదారు రోజులు ఉంటుంది, పుల్లటి వాసన వస్తే ఆలోచించకుండా పారేయి, ఇందులో నిలవ ఉంచే మందు ఏదీ లేదు కదా. ఐసు ట్రేలో గడ్డ కట్టించి రోజుకో బిళ్ల తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు, అది మంచి పద్ధతే.

వాడేటప్పుడు నురగ సగం తయారయ్యాక, నీళ్ల చుక్కలు వేసే బదులు ఈ జిగురు అర చిన్న చెంచా వేసి తిప్పు. నురగ ఇంకా ఎక్కువేమీ పొంగదు, అది ముందే చెప్తున్నా, కొంచెం తగ్గినట్టు కూడా కనపడుతుంది. తేడా బ్లేడు పెట్టాక తెలుస్తుంది. గీసిన చోట చేత్తో తడిమితే ఇంకా జారుడుగా ఉంటుంది, రెండోసారి గీయాలంటే మళ్లీ పూయకుండా తడిచేత్తో రాస్తే సరిపోతుంది. మా షాపుకు రోజూ వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారుకు చర్మం కాగితంలా పలచన, బ్లేడు తగిలితే చాలు ఎర్రగా కందేది. ఆయనకు నాలుగేళ్లుగా ఈ జిగురు కలిపే గీస్తున్నాను, కందడం బాగా తగ్గింది.

అవిసెలు దొరక్కపోతే కలబంద. మట్ట కోయగానే పసుపుపచ్చటి రసం కారుతుంది, దాంతో చర్మం దురద పెడుతుంది, కాబట్టి మట్టను ఒక పావుగంట నిలువుగా నిలబెట్టి ఆ రసం కారనిచ్చి, కడిగి, లోపలి తెల్ల గుజ్జు మాత్రం తీసుకుని మెత్తగా చేసి వడకట్టు. కొలత జిగురుకు చెప్పినట్టే. రేపటికి దాచొద్దు. ఏది కలిపినా సరే, మొదటిసారైతే ముందురోజు మోచేతి మడతలో కాస్త రాసి చూసుకో, దద్దురు రాకపోతేనే ముఖానికి.

ఇప్పుడు నువ్వు అడిగిన మూడింటి దగ్గరికొస్తాను. కొబ్బరినూనె నురగకు శత్రువు. నూనె బుడగల గోడల్ని తెంపేస్తుంది, పొంగిన నురగ కళ్ల ముందే కూలిపోతుంది. షాపు పెట్టిన కొత్తలో ఒక చలికాలం నేనూ ఈ పని చేశాను, ముఖాలు పగులుతున్నాయి కదా అని గిన్నెలో అర చెంచా కొబ్బరినూనె కలిపాను. నురగ పలచబడిపోయింది, కత్తి ఎక్కడ నడుస్తోందో నాకే సరిగా తెలియలేదు, ఒక పెద్దాయనకు పెదవి పక్కన తెగింది. ఆయన ఏమీ అనలేదు, పటిక రాయించుకుని వెళ్లిపోయాడు. ఆ బ్రష్షుకు పట్టిన జిడ్డు వదలడానికి వారం పట్టింది, ఆ గాటు మాత్రం నా మనసులో ఇప్పటికీ ఉంది. నీకు నూనె అలవాటైతే రెండే చుక్కలు అరచేతిలో రుద్దుకుని తడి గడ్డానికి ముందు పట్టించు, ఒక నిమిషం ఆగి దాని మీద నురగ వేసుకో. గిన్నెలోకి మాత్రం రానివ్వొద్దు.

నిమ్మరసం ఇంకా ఘోరం. సబ్బుది క్షార గుణం, నిమ్మరసం పులుపు, రెండూ కలిస్తే పాలు విరిగినట్టు సబ్బు విరిగిపోతుంది, తెల్లటి తరకలు తేలుతాయి. నమ్మకపోతే ఒక చెంచా నురగలో నాలుగు చుక్కలు పిండి చూడు. గీసిన చర్మానికి అది తగిలితే మంట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వంటసోడా నురగను పెంచదు, చర్మం సహజంగా కాస్త పుల్లటి గుణంతో ఉంటుంది, సబ్బు క్షారం మీద ఇది ఇంకో క్షారం, నీ మెడ మంట ఇంకా పెరుగుతుంది. చాకిరేవులో వాడే చాకలిసోడాతో నీళ్ల కఠినత పోతుంది, నిజమే, అది బట్టలకు, ముఖానికి కాదు.

పటిక గురించి కూడా చెప్పాలి, నురగలోనే కలిపేస్తే తెగినా రక్తం రాదని ఎవరో అన్నారట ఒకతను చెప్పాడు. పటికలో అల్యూమినియం ఉంటుంది, అది కూడా కాల్షియం లాగే సబ్బును తెట్టు చేస్తుంది. పటిక రాయి (ఇక్కడ తురటి అంటాం) పని గీయడం అయ్యాకే, చల్లటి నీళ్లతో కడుక్కున్న ముఖం మీద తడిపి ఒకసారి రాసి, అర నిమిషం ఆగి కడిగేసుకోవాలి. ఉప్పు, హెయిర్ కండిషనరు, పాలు, ఇవీ వద్దు. షాంపూ కలిపితే నురగ ఆకాశమంత లేస్తుంది, కానీ అది గాలి బుడగ, బ్లేడు కింద మెత్తదనం ఉండదు.

నీ మెడ మంట మాత్రం నురగతోనే పూర్తిగా పోదు తమ్ముడూ. చెంప మీద వెంట్రుకలు కిందికి పెరుగుతాయి, మెడ మీద చాలామందికి పక్కకో పైకో పెరుగుతాయి, సుడులు కూడా ఉంటాయి. రెండు రోజులు గడ్డం పెంచి వేలితో అన్ని వైపులా తడిమి చూడు, ఎటు రాస్తే గరుకుగా తగలదో అదే సీదా. ముందు అంతా సీదా గీయి, మెడ మీద ఉల్టా అసలే వద్దు, కనీసం పొక్కులు మానేదాకా. బ్లేడును నొక్కొద్దు, దాని బరువుతో దాన్ని నడవనివ్వు. మామూలు బ్లేడు నాలుగైదు గడ్డాలకు మార్చేయి. షాపుకెళ్తే నీ ముందే కొత్త బ్లేడు విప్పమను, అడగడానికి మొహమాటం వద్దు, నీ బ్రష్షు నువ్వు పట్టుకెళ్లినా మంచి మంగలి ఎవరూ ఏమీ అనుకోడు. పొక్కుల్లో చీము కనపడితే ఈ జిగుర్లు, గ్లిజరిన్లు అన్నీ ఆపి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లు, పొక్కు మీద బ్లేడు నడిపితే అది ముఖమంతా పాకే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, ఇన్నాళ్లు బోరు నీళ్లలో నానిన నీ బ్రష్షు వెంట్రుకల కుదుళ్లలో తెట్టు పట్టి ఉంటుంది, వెంట్రుకల మధ్య వేలు పెట్టి చూడు, గట్టిగా, గరగరగా తగులుతుంది. ఒక కప్పు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా వెనిగర్ వేసి పది నిమిషాలు బ్రష్షు వెంట్రుకలు ముంచి, మంచి నీళ్లతో బాగా జాడించి, విదిలించి, గాలి తగిలే చోట ఆరబెట్టు. ఇది చేయకుండా కొత్త నీళ్లతో మొదలుపెడితే మొదటి రెండు రోజులు తేడా కనపడక నువ్వు నన్నే తిట్టుకుంటావు.

ముందు ఒక వారం క్యాను నీళ్లు, బాదం గింజంత క్రీము, ఇంకేమీ కలపకుండా చేయి. రెండో వారం మూడు చుక్కల గ్లిజరిన్. అవిసె జిగురు ఆ తర్వాత. అన్నీ ఒకేరోజు కలిపితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు. మీ ఇంటి బోరు నీళ్ల బాటిల్ పరీక్షలో ఏమొచ్చిందో ఇక్కడ రాయి, చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.